నాలుగు గొంతుల పాటలో స–ప జంట ఎక్కడ తప్పవుతుంది, ఎట్లా సరిచేయాలి

కీబోర్డు మీద కుడిచేతి మూడు వేళ్లతో సి మేజర్ పట్టి, వేళ్ల ఆకారం మార్చకుండా ఎఫ్‌కి, అక్కణ్నుంచి జికి జరిపితే వినడానికి ఇబ్బందేమీ ఉండదు. కింద స్టైల్ (కీబోర్డు తనంతట తాను వాయించే తోడు) తిరుగుతుంటుంది, డ్రమ్స్ మోగుతుంటాయి, పాట సాగిపోతుంది. క్రిస్మస్ దగ్గరపడ్డాక కడపలోనో, గుత్తిలోనో, నంద్యాలలోనో క్వయర్‌కు పార్టులు రాసేవాళ్లు ఆ చేతిపట్టునే తీసుకొని నాలుగు గొంతులకు పంచేస్తుంటారు. ప్రాక్టీసులో అందరూ తమ స్వరం సరిగ్గానే పాడతారు. పాట మాత్రం బోలుగా వస్తుంది. నలుగురు పాడుతున్నా ఇద్దరే పాడుతున్నట్టుంటుంది. ఆ తప్పు పాడేవాళ్లది కాదు, రాసినవాళ్లది. దాని పేరే పారలల్ ఫిఫ్త్.

ఇక్కడ స్వరాలన్నీ శంకరాభరణం లెక్కలో రాస్తున్నాం. మేజర్ స్కేలంటే అదే. స అంటే సి అనుకోండి, కీబోర్డు నడుమ ఉన్న మిడిల్ సి మన ‘మధ్య స’. దాని కింది వరుస మంద్రం, ఇంకా కింద అనుమంద్రం, పైన తారం. పాటను డికో ఎఫ్‌కో మార్చినా స్వరాల మధ్య సంబంధం మారదు. అన్నీ సి మీదే వాయించి ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కే అలవాటున్నవాళ్లకు ఈ పద్ధతి ఇంకా సులువు. గొంతుల హద్దులు మాత్రం బటన్‌తో జరగవు. సి లెక్కన బాస్ (మగవాళ్ల కింది గొంతు) అనుమంద్ర గ నుంచి మధ్య స దాకా, టెనర్ (మగవాళ్ల పై గొంతు) మంద్ర స నుంచి మధ్య ప దాకా, ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు) మంద్ర ప నుంచి తార స దాకా, సొప్రానో (ఆడవాళ్ల పై గొంతు) మధ్య స నుంచి తార ప దాకా. గొంతు సాధన లేనివాళ్లు ఎక్కువగా ఉన్న క్వయర్‌లో సొప్రానోను తార గ దాటించకపోవడమే మేలు.

ఫిఫ్త్ అంటే స నుంచి ప దూరం. కీబోర్డు మీద నల్లవీ తెల్లవీ కలిపి లెక్కపెడితే 7 కీలు. రెండు స్వరాల కంపన వేగాల నిష్పత్తి 3:2. కింది స్వరంలో పుట్టే మూడో హార్మోనిక్ (అసలు స్వరంతోపాటే సన్నగా మోగే పై స్వరం), పై స్వరంలో పుట్టే రెండో హార్మోనిక్ ఒకే చోట కలుస్తాయి. తంబురాలో ప తీగ, స తీగ కలిసి మోగినప్పుడు రెండు తీగలని తెలియనంతగా కలిసిపోయేది అందుకే. అష్టకం (స నుంచి పై స దూరం) తర్వాత అంత గట్టిగా అతుక్కునే జంట ఇదే. నిలకడగా ఉన్నంతసేపు ఆ అతుకు పాటకు బలం. ఆ రెండు గొంతులూ ఆ దూరం చెడకుండా ఒకే దిక్కుకు కదిలాయంటే మాత్రం చెవి వాటిని రెండు పాటలుగా వినదు. ఒకే గొంతు మందంగా పాడుతున్నట్టు వింటుంది. నాలుగు పార్టుల్లో ఒకటి గల్లంతు.

చెక్కభజనలో అందరూ ఒకే అడుగు వేస్తేనే అందం. నాలుగు గొంతుల పాటలో ఎవరి అడుగు వాళ్లు వేయాలి. అందుకే స–ప జంటను ఇక్కడ అంత గట్టిగా కాపలా కాయాల్సి వస్తుంది.

నియమం ఇంతే: రెండు గొంతుల మధ్య ఒక కార్డులో (ఒకేసారి కలిసి మోగే స్వరాల గుంపులో) ఫిఫ్త్ ఉండి, తర్వాతి కార్డులో ఆ రెండు గొంతుల మధ్యే మళ్లీ ఫిఫ్త్ ఉండి, రెండూ కదిలి ఉంటే తప్పు. కదలకుండా అదే స–ప మళ్లీ పాడితే తప్పు కాదు. ఒక గొంతు నిలిచి రెండోది కదిలినా తప్పు రాదు. బాస్–టెనర్ మధ్య ఫిఫ్త్ ఉండి, తర్వాతి కార్డులో టెనర్–ఆల్టో మధ్య ఉంటే అదీ తప్పు కాదు, జంట మారింది కదా. రెండు అష్టకాలు వరసగా జరిగితే ఇదే నియమం వర్తిస్తుంది. మగవాళ్లు తమ పార్టు మరిచిపోయి సొప్రానో వరసనే కింది స్థాయిలో పాడటం మొదలుపెడితే జరిగేది సరిగ్గా ఆ అష్టకాల తప్పే.

పట్టుకోవడం ఎట్లాగో చూద్దాం. నాలుగు గొంతుల్లో ఆరు జంటలుంటాయి: బాస్–టెనర్, బాస్–ఆల్టో, బాస్–సొప్రానో, టెనర్–ఆల్టో, టెనర్–సొప్రానో, ఆల్టో–సొప్రానో. ప్రతి అడుగులో ఆరింటినీ చూడమని పుస్తకాలు చెబుతాయి. అది నిజమే, కానీ పదహారు గీతల పాటకు అట్లా చూస్తూ కూర్చుంటే పొద్దుపోతుంది. దగ్గరిదారి ఒకటుంది. శంకరాభరణంలో ఫిఫ్త్ ఇచ్చే జంటలు ఆరే:

స–ప, రి–ద, గ–ని, మ–స, ప–రి, ద–గ.

ఏడోది ని–మ. అది ఒక కీ తక్కువ, 6 కీల దూరం, దాని సంగతి తర్వాత. మూడు స్వరాల మామూలు కార్డులో ఈ ఆరింటిలో ఒక్క జంటే ఉంటుంది: కార్డు పేరు మోసే స్వరం, దాని ఐదోది. కాబట్టి ప్రతి కార్డులోనూ ఆ రెండు స్వరాలను ఎవరు పాడుతున్నారో చూసి పెన్సిల్‌తో గుండ్రం చుట్టండి. పేరు స్వరం కింద ఉండాలి, ఐదోది పైన ఉండాలి. ప కింద ఉండి స పైన ఉంటే అది ఫోర్త్, పై గొంతుల్లో ఎన్ని ఫోర్త్‌లు వరసగా జరిగినా పరవాలేదు. వరస రెండు కార్డుల్లో గుండ్రాలు అవే ఇద్దరి మీద పడితే అక్కడ తప్పుంది. పేరు స్వరాన్ని ఇద్దరు పాడుతుంటే రెండు జంటలు చూడాలి, అంతకు మించి లేదు. ఏడో స్వరం కలిపిన కార్డుల్లో కొంచెం జాగ్రత్త. రి–మ–ద–స పట్టులో రి–ద ఒక ఫిఫ్త్, మ–స ఇంకొకటి.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా తప్పు జరిగే చోటు: నాలుగో కార్డు నుంచి ఐదో కార్డుకు, అంటే మ–ద–స నుంచి ప–ని–రికి. రెండు కార్డులూ పక్కపక్కనే ఉంటాయి, ఉమ్మడి స్వరం ఒక్కటీ లేదు. చేతిపట్టును జరిపి రాస్తే ఇట్లా వస్తుంది:

బాస్: మంద్ర మ → మంద్ర ప
టెనర్: మధ్య స → మధ్య రి
ఆల్టో: మధ్య మ → మధ్య ప
సొప్రానో: మధ్య ద → మధ్య ని

బాస్–టెనర్ మ–స నుంచి ప–రికి జరిగాయి, ఫిఫ్త్. బాస్–ఆల్టో మ–మ నుంచి ప–పకి జరిగాయి, అష్టకం. ఒక్క అడుగులో రెండు తప్పులు. మందు ఒకటే: బాస్ ఎక్కితే పై మూడు గొంతులూ దిగాలి.

బాస్: మంద్ర మ → మంద్ర ప
టెనర్: మధ్య స → మంద్ర ని
ఆల్టో: మధ్య మ → మధ్య రి
సొప్రానో: మధ్య ద → మధ్య ప

చూడండి, బాస్–టెనర్ ఫిఫ్త్ థర్డ్ (ప–ని దూరం) అయింది. బాస్–ఆల్టో మధ్య అష్టకం పోయి ఫిఫ్త్ వచ్చింది గానీ ఎదురెదురుగా నడిచి చేరింది, పైగా అంతకుముందు ఫిఫ్త్ కాదు. టెనర్–సొప్రానో (స–ద, ని–ప) రెండూ సిక్స్త్‌లు, వరస సిక్స్త్‌లు తీయగా ఉంటాయే తప్ప తప్పు కాదు.

ఇది మీరు సొంతంగా వరస కట్టుకుంటున్నప్పుడు. వరస ముందే ఉండి, అది ద–ని–స అని పైకే పోతుంటే? సొప్రానోను దించడానికి లేదు. ఇక్కడే చాలామంది చేతులెత్తేసి, ‘వినేవాళ్లకు ఏం తెలుస్తుందిలే’ అని వదిలేస్తారు. వదలక్కర్లేదు. సొప్రానో–బాస్ మ–ద నుంచి ప–నికి జరిగితే అది పెద్ద థర్డ్ నుంచి పెద్ద థర్డ్‌కు, అందులో దోషం లేదు. దోషమంతా నడిమి గొంతుల్లో. వాటిని దించండి:

బాస్: మంద్ర మ → మంద్ర ప → మంద్ర స
టెనర్: మధ్య స → మంద్ర ప → మంద్ర ప
ఆల్టో: మధ్య మ → మధ్య రి → మధ్య గ
సొప్రానో: మధ్య ద → మధ్య ని → తార స

నడిమి కార్డులో టెనర్, బాస్ ఒకే ప మీద కలుస్తాయి. ఒక్క క్షణం కలిసినా మూడో అడుగులో బాస్ దిగిపోతుంది, టెనర్ నిలుస్తుంది. టెనర్ స నుంచి పకు దూకడం కొత్తవాళ్లకు కాస్త కష్టం. రెండుసార్లు విడిగా పాడించండి, కుదురుకుంటుంది.

ఐదో కార్డు నుంచి ఆరో కార్డుకు పోయేటప్పుడు, అంటే ప–ని–రి నుంచి ద–స–గకు, ఇదే గుంట ఇంకో రూపంలో ఎదురవుతుంది. వాక్యం ముగుస్తుందనుకున్న చోట ముగియకుండా పక్కకు తిప్పడానికి వాడే అడుగు ఇది, పాటలో బాగా పనికొస్తుంది. చిక్కేమిటంటే సొప్రానోలో ని ఉంటే అది స కే ఎక్కాలి, దాన్ని దించడానికి వీల్లేదు. అప్పుడు బాస్, సొప్రానో పైకి, మిగతా రెండూ కిందికి:

బాస్: మంద్ర ప → మంద్ర ద
టెనర్: మధ్య రి → మధ్య స
ఆల్టో: మధ్య ప → మధ్య గ
సొప్రానో: మధ్య ని → తార స

చివరి కార్డులో స రెండుసార్లు వచ్చింది, పేరు స్వరమైన ద ఒక్కసారే. ‘పేరు స్వరాన్నే రెట్టించాలి’ అని నేర్చుకున్నవాళ్లు దీన్ని తప్పనుకొని ఆల్టోను ద మీదికి దిద్దుతారు. దిద్దిన మరుక్షణం బాస్–ఆల్టో ప–ప నుంచి ద–దకు జరిగి అష్టకాల తప్పు పుడుతుంది. ఈ ఒక్క అడుగులో స నే రెట్టించాలి.

మైనర్ పాటల్లో, అంటే కీరవాణి స్వరాల్లో, ఈ ఎదురు నడక ఇంకో మేలు చేస్తుంది. అక్కడ ద చిన్నది, ని పెద్దది. ద నుంచి నికి ఎక్కాలంటే గొంతు వికారంగా సాగాలి. నాలుగో కార్డు నుంచి ఐదో కార్డుకు పోతూ పై గొంతులను దించితే ద చక్కగా పకు దిగుతుంది, ఆ ఎక్కుడు బెడద తప్పుతుంది.

కార్డుల పేరు స్వరాలు పక్కపక్కన లేనప్పుడు ఇంత శ్రమ లేదు. స నుంచి మకు, ప నుంచి సకు పోయేటప్పుడు ఉమ్మడి స్వరం ఒకటి ఉంటుంది, దాన్ని పాడే గొంతును కదలనివ్వకండి. మంద్ర స, మంద్ర ప, మధ్య గ, తార స ఉన్న కార్డు నుంచి నాలుగో కార్డుకు: బాస్ మంద్ర మకు ఎక్కుతుంది, టెనర్ ప నుంచి దకు, ఆల్టో గ నుంచి మకు, సొప్రానో తార స మీదే. స నుంచి దకు పోతే రెండు స్వరాలు ఉమ్మడి, ఇంకా సులువు.

తప్పును కప్పిపెట్టే తెలివితేటలు కొన్ని ఉన్నాయి, అవి పనిచేయవు. మొదటిది, బాస్‌ను ఇంకో అష్టకం కిందికి తోయడం. బాస్ మంద్ర స నుంచి అనుమంద్ర పకు దిగి, టెనర్ మంద్ర ప నుంచి మధ్య రికి ఎక్కితే ఎదురెదురుగా నడిచినట్టే ఉంటుంది. ఫిఫ్త్ కాస్తా ట్వెల్త్ (ఫిఫ్త్ మీద ఇంకో అష్టకం) అయింది, అంతే. చెవికి మళ్లీ అదే బోలుతనం. అభ్యాసంలో దీన్నీ తప్పుగానే లెక్కిస్తారు. రెండోది, నడుమ ఒక చిన్న స్వరం ఇరికించి ఫిఫ్త్‌లు వరసగా లేవనడం. బలమైన దెబ్బల మీద ఫిఫ్త్, ఫిఫ్త్ అని వినిపిస్తూనే ఉంటే నడుమ తుంపర ఆపలేదు.

అసలు ప్రమాదం దీనికి తలకిందులుగా ఉంటుంది: శుభ్రంగా ఉన్న చోట అలంకారం పోయి ఫిఫ్త్‌ను పుట్టిస్తుంది. మంద్ర స, మంద్ర ప, మధ్య గ, తార స నుంచి రెండో కార్డుకు పోతూ మంద్ర రి, మంద్ర మ, మధ్య రి, మధ్య ద అని రాశారనుకోండి. అన్నీ సక్రమం. సొప్రానో తార స నుంచి దకు దూకడం బాగోలేదని నడుమ ని కలిపారు: స–ని–ద. ఆ ని మోగే వేళకు ఆల్టో ఇంకా గ మీదే ఉంది. గ–ని ఫిఫ్త్. మరుక్షణం రి–ద, మళ్లీ ఫిఫ్త్. కార్డులు మాత్రమే చూసి సరిపెట్టుకునేవాళ్లకు ఇది ఎప్పటికీ దొరకదు. అందుకే అలంకారాలన్నీ రాశాకనే చివరిసారి గుండ్రాలు చుట్టాలి.

చాటు ఫిఫ్త్ అని ఇంకొకటి. ముందు ఫిఫ్త్ లేదు, కానీ రెండు గొంతులూ ఒకే దిక్కుకు కదిలి ఫిఫ్త్ మీద పడ్డాయి. ఇది బాస్–సొప్రానో మధ్య, అదీ సొప్రానో దూకినప్పుడే లెక్కలోకి వస్తుంది. బాస్ మంద్ర మ నుంచి పకు, సొప్రానో మధ్య ద నుంచి తార రికి దూకితే ఆ దూకుడు ఫిఫ్త్‌ను వేలెత్తి చూపిస్తుంది. సొప్రానో స నుంచి రికి పక్క అడుగే వేసి, బాస్ మంద్ర స నుంచి పకు దూకితే దోషం లేదు. నడిమి గొంతుల్లో చాటు ఫిఫ్త్‌ల కోసం వెతకకండి, పాట ముందుకు పోదు. రెండు బాకాల వరసలో గ–స, ప–రి, స–గ అని వచ్చే జంటలు కూడా ఇట్లాంటివే. ప–రి దగ్గర చాటు ఫిఫ్త్ ఉంది, పై వరస పక్క అడుగులే వేస్తుంది కాబట్టి ఎవరూ తప్పుపట్టరు.

ఇక ని–మ. స–ప నుంచి ని–మకు పోవచ్చు. ని–మ నుంచి స–పకు పోవడం మాత్రం మామూలుగా వద్దు, ఎందుకంటే ని పైకి, మ కిందికి, అంటే స–గకు ముడుచుకోవడం వాటి స్వభావం. ఒక్క చోట ఒప్పుకుంటారు: బాస్ రి నుంచి గకు ఎక్కుతూ, పైన ఒక గొంతు మ నుంచి పకు దానితోపాటే ఎక్కినప్పుడు. బాస్‌తో ఆ గొంతు థర్డ్‌లలో నడుస్తుంది, ఆ థర్డ్‌ల తీపిలో నడుమ జరిగే ని–మ, స–ప మునిగిపోతాయి. ఆ జంటలో బాస్ ఉంటే ఈ మినహాయింపు లేదు.

జర్మన్ సిక్స్త్ అనే కార్డు వాడే స్థాయికి వచ్చినవాళ్లకు ఒక మాట. చిన్న ద, స, చిన్న గ, ప్రతి మధ్యమం (పెద్ద మ), ఇవీ దాని స్వరాలు. ఇది నేరుగా ఐదో కార్డుకు పోతే బాస్‌లో ద నుంచి ప, పైన గ నుంచి రి, రెండూ ఫిఫ్త్‌లే. వీటికి మొజార్ట్ ఫిఫ్తులని పేరు కూడా ఉంది. తప్పించుకోవడానికి నడుమ ప మీద స–గ నిలిపి, తర్వాత ని–రికి దించండి. గ ఒక దెబ్బ ఆలస్యంగా దిగుతుంది, ఫిఫ్త్ వరస తెగిపోతుంది.

ఈ నియమం ఎప్పుడూ ఉన్నది కాదు. 9వ శతాబ్దంలో ఐరోపా మఠాల్లో రెండు గొంతులు ఫిఫ్త్ దూరంలోనే పాట పొడుగునా కలిసి నడిచేవి, అది అప్పటికి కొత్త అందం. 1725లో ఆస్ట్రియా స్వరకర్త ఫుక్స్ పాఠ్యగ్రంథం వచ్చేనాటికి నిషేధం పాతబడిన సంగతే. 19వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త బ్రామ్స్ అయితే పెద్ద పెద్ద వాళ్ల రచనల్లో దొరికిన ఫిఫ్త్‌లను, అష్టకాలను ఏరి రాసిపెట్టుకున్నాడు. ఆ రాతప్రతిని సంగీత సిద్ధాంతి షెంకర్ 1933లో అచ్చువేశాడు. గిటారు మీద పవర్ కార్డు (స–ప మాత్రమే ఉండే పట్టు) వాయించేవాళ్లకు ఫిఫ్తే అన్నం. కీబోర్డు వాద్యంలో చేతిపట్టు జరిపినా తప్పులేదు, అక్కడ మూడు స్వరాలు మూడు మనుషులు కావు. నాలుగు గొంతులు నలుగురు మనుషుల్లా వినిపించాలన్న చోటనే ఈ కాపలా.

అందుకే రాగం మీద కట్టిన తెలుగు కీర్తనలను ఈ సానలో పెట్టే ముందు ఆలోచించండి. మోహనలో మ, ని లేవు. నాలుగో కార్డుకు మ కావాలి, ఐదో కార్డుకు ని కావాలి. రెండూ బయటినుంచి తెచ్చి పెడితే రాగం చెడుతుంది, తేకపోతే ద–గ, స–ప, రి–ద, ప–రి జంటల మధ్యనే తిరుగుతూ ఫిఫ్త్‌లలో పడతారు. అట్లాంటి పాటను అందరూ ఒకే గొంతుగా, కింద స–ప శ్రుతితో పాడటమే మంచిది. పండరి భజన అట్లానే కదా నిండుగా ఉండేది.

పార్టులు రాసేటప్పుడు పని వరస ఇట్లా పెట్టుకోండి. ముందు సొప్రానో, బాస్ రెండే పూర్తి చేసి, ఆ జంటలో ఫిఫ్త్, అష్టకం వరసగా లేవని తేల్చుకోండి. బయటి రెండు గొంతుల్లో తప్పుంటే లోపల ఎన్ని దిద్దినా వ్యర్థం. తర్వాత ఆల్టో, టెనర్ నింపండి. తప్పు దొరికితే మొదట నడిమి గొంతును మార్చి చూడండి. కుదరకపోతే కార్డులో ఏ స్వరాన్ని రెట్టించారో మార్చండి. అదీ కుదరకపోతే బాస్‌ను కార్డు మూడో స్వరం మీదికి జరపండి, ఉదాహరణకు మ బదులు ద. బాస్ మ మీద లేకపోతే మ–స ఫిఫ్త్ బాస్‌తో ఏర్పడే వీలే లేదు. వరసను మార్చడం ఆఖరి దారి, సొంత వరస అయితేనే.

ప్రాక్టీసు రోజున కీబోర్డు ఆపేసి బాస్, టెనర్ ఇద్దరినే పాడించి ఫోన్‌లో రికార్డు చేయండి. ఎక్కువ తప్పులు దాక్కునేది ఆ జంటలోనే. వినేటప్పుడు ఎక్కడైనా రెండు గొంతులు కలిసి ఒక్క మందపాటి గొంతై మెట్టెక్కినట్టు వినిపిస్తే పాట ఆపి, ఆ గీత మీద పెన్సిల్ పెట్టండి. తర్వాత బాస్–ఆల్టో, ఆ తర్వాత టెనర్–సొప్రానో. కాగితం మీద తప్పిపోయినది ఇక్కడ దొరుకుతుంది. దిద్దిన పార్టును మాత్రం అదే పూట పాడేవాళ్ల కాగితాలన్నిటిలో మార్పించండి. పాత స్వరం ఒకసారి గొంతుకు పట్టిందంటే క్రిస్మస్ దాకా వదలదు.